తోమకూడని వెండి

"గుడి గిన్నెలు తోమమంటే నడుము నొప్పి. ఆ బిళ్ళ ముందర కూర్చోమంటే మాత్రం పొద్దు గుంకినా తెలీదు నీకు" అంది రాహేలమ్మ, బూడిద, ఇటుక పొడి ఉన్న బుట్ట తెచ్చి పెరట్లో దబ్బుమని పెట్టి.

అత్త మాటకు జవాబు చెప్పకుండా ఉండడం జ్ఞానమణికి ఈ ఆరేళ్ళ కాపురంలో పట్టుబడిన విద్య. నడుము నొప్పని ఆమె ఎప్పుడూ అనలేదు. తెల్లారి ఈస్టరు పండగ. ప్రభువు భోజనపు గిన్నెలు తోమే వంతు ఈసారి తమ ఇంటిదే. ద్రాక్షరసం గిన్నె, రొట్టె పళ్ళెం, చందా వేసే ఇత్తడి తట్ట, అన్నీ చింతపండు రాసుకుని ఎండలో వరసగా ఉన్నాయి. అవి నానే లోపల ఒక్క నిమిషం లోపలికి పోయి, కిటికీ దగ్గర పెట్టిన గాజుమూత ఎత్తి చూసింది. అంతే ఆమె చేసిన నేరం.

మూత కింద ఒక వెండి రూపాయి ఉంది. పాత నవాబుల కాలం నాటిది. కోడుమూరులో ఎవరో ముసలమ్మ దాన్ని మెడలో బిళ్ళగా వేసుకునేదట. తాడు నిలవడానికి వెనక లక్క పోసి గట్టిచేశారు. ముసలమ్మ పోయింది, తాడు పోయింది, లక్క మాత్రం కరిచిపట్టుకుని ఉండిపోయింది. రూపాయి ముందు వైపు ఎంత బాగుంటుందంటే, అంచు దగ్గర లేత పసుపు, కొంచెం లోపలికి వంకాయ రంగు, నడుమ వాన కడుపుతో ఉన్న మబ్బు నీలం. ఎవరూ పూసింది కాదు. ముసలమ్మ గుండెల మీది వేడి, చెమట, గాలి, అరవై డెబ్బై ఏళ్ళు కూర్చుని నేసిన రంగు. వెనక వైపు లక్క తీయాలి, ఆ రంగు చెదరకూడదు. క్రిస్మసు పోయినాక మొదలుపెట్టింది. మిషను ఆసుపత్రిలో పనిచేసే జీవమ్మక్క చిన్న సీసాలో స్పిరిట్టు పోసి ఇచ్చింది. దూది ముక్క దాంట్లో ముంచి, లక్క మీద పరిచి, ఆవిరి పోకుండా గాజుమూత బోర్లించాలి. కాసేపటికి దూది ఎర్రబడుతుంది. దాన్ని ఎత్తేసి ఇంకొకటి పరచాలి. రుద్దకూడదు, గీకకూడదు. ఈరోజు పొద్దున దూది తెల్లగానే వచ్చింది. నాలుగు నెలలకు మొదటిసారి తెల్లగా వచ్చింది.

ఆ సంగతి ఎవరితోనైనా చెప్పుకుందామంటే ఇంట్లో ఎవరూ లేరు. ఉన్నారు గానీ, లేరు.

రుద్దకూడదన్న ఆ ఒక్క ముక్క తెలుసుకోవడానికే ఆమెకు రెండేళ్ళు పట్టింది. ఓర్వకల్లు చుట్టుపక్కల చేలల్లో తొలకరి వాన పడితే, కలుపు తీసే ఆడవాళ్ళకు అప్పుడప్పుడూ పాత కాసులు దొరుకుతాయి. ఆమె భర్త ఏసేపు మిషను బడిలో అయ్యవారు. పిల్లల తల్లుల దగ్గర ఆ కాసులు తీసుకుని, పోయి కర్నూల్లో దస్తగిరి సాహెబుకు ఇచ్చేవాడు. సాహెబు పెన్షను తీసుకున్న తాసిల్దారు. పాత నాణేలంటే ప్రాణం. మొట్టమొదటి కాసును ఏసేపు చింతపండుతో తోమించి తీసుకుపోయాడు. తోమింది జ్ఞానమణే. అంట్ల బోకులతో పాటు తోమేసింది. సాయంత్రం వచ్చి ఏసేపు కంచం ముందర కూర్చుని ఒకటే నవ్వు.

"సాయిబు ఏమన్నాడో తెలుసునా మే? మూడు నూర్ల ఏండ్లు బతికినదాన్ని ఒక్క పూటలో చంపేసినావు గదయ్యా ఏసేపూ, అన్నాడు. మసి ఉంటేనే ముద్దంట! పెద్దోళ్ళకు పిచ్చి గూడా పెద్దదే."

రాహేలమ్మ కూడా నవ్వింది. సంగటి వడ్డిస్తున్న జ్ఞానమణి చెయ్యి మాత్రం ఆగింది. చంపేసినావు అన్న మాట ఆమెకు తగిలింది. చంపింది తన చేతులు కదా.

ఆ మర్నాటి నుంచి ఎందుకూ పనికిరాని అరిగిపోయిన రాగి దుడ్లు నాలుగైదు ఏరి పెట్టుకుంది. ఒకటి నిమ్మరసంలో వేసింది, ఒకటి బూడిదలో పెట్టింది, ఒకటి ఆముదంలో, ఒకటి కాచి చల్లార్చిన నీళ్ళలో. పొయ్యి మీద ఎసరు మరిగే లోపల ఒకసారి, అత్త సంతకు పోయినప్పుడు ఒకసారి, తీసి చూసుకునేది. ఆమె చదివింది ఊరి బడిలో ఐదో తరగతి. అయినా చూడ్డానికి తరగతులతో పని లేదు. నలుపు రెండు రకాలని తేలింది. ఒకటి మీద కూర్చున్న మట్టి, అది నీళ్ళకూ నూనెకూ లొంగుతుంది. రెండోది లోహంలోంచి పుట్టిన నలుపు, అది మురికి కాదు, నాణేనికి తోలు. చిలుమూ అంతే. చిలక రెక్కలాగా ముదురుగా, గట్టిగా ఉంటే దాని జోలికి పోకూడదు. లేతగా, పిండి రాలుతున్నట్టు ఉంటే అది రాగిని తినేస్తోందని గుర్తు. దాన్ని ఏదుముల్లు మొనతో మెల్లగా లేపి, కాచిన నీళ్ళు దినామూ మారుస్తూ నానబెట్టి, తడి ఒక్క చుక్క లేకుండా ఎండబెట్టాలి. తడి తగిలితే మళ్ళీ లేస్తుంది. నాణేన్ని అంచులు పట్టుకుని ఎత్తాలి, గుడ్డతో తుడవకూడదు, అద్దాలి. ఇవన్నీ ఎవరూ చెప్పలేదు. నాలుగు దుడ్లను పాడుచేసి ఆమె తెలుసుకుంది.

ఆ తర్వాత పోయిన నాణేలు చూసి సాహెబు ఆశ్చర్యపోయాడట. అప్పటినుంచి తన దగ్గరున్న వాటినే, మచ్చలు పడినవీ జిగురంటినవీ ఏరి, ఏసేపు చేతికి ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవాబు రూపాయి కూడా అట్లా వచ్చిందే.

పోయిన ఏడు సాహెబు ఒకసారి జట్కా కట్టించుకుని వాళ్ళ ఇంటికే వచ్చాడు. జ్ఞానమణి తలుపు చాటున టీ గ్లాసులు పట్టుకుని నిలబడింది. బయట ఏసేపు చెబుతున్నాడు: "నేను మొదాల కాచి చల్లార్చిన నీళ్ళల్లో ఏస్తా సాయిబూ. ఆనక ఆముదంలో. దినామూ తీసి చూస్తా. మనం తొందరపడితే అది చెడతాది." అచ్చంగా ఆమె మాటలే. ఇంత జాగెందుకని అతను విసుక్కున్న రోజున ఆమె చెప్పిన మాటలు, ఒక్క అక్షరం పోకుండా. "చాలా సబూరు కావాలయ్యా ఈ పనికి. నీకు ఉంది" అన్నాడు సాహెబు. "ఏదో దేవుడిచ్చిన ఓపిక" అన్నాడు ఏసేపు, తల వంచుకుని. స్నానానికి నీళ్ళు కాగడం అర గడియ ఆలస్యమైతే చెంబు విసిరేసే మనిషికి దేవుడు ఓపిక ఎప్పుడిచ్చాడో జ్ఞానమణికి అర్థం కాలేదు. గ్లాసులు గడప మీద పెట్టి లోపలికి వచ్చేసింది. పెద్దమనుషులు వచ్చినప్పుడు గడప దాటకూడదన్నది ఆ ఇంటి పద్ధతి.

ఆ సాయంత్రం అడిగింది. "నేను చేసినానని ఒక్క మాట చెప్పకూడదా?"

ఏసేపుకు కోపం రాలేదు. చిన్నపిల్లకు ఎక్కాలు చెప్పినట్టు చెప్పాడు. "చెప్తే ఏమయితాది? ఆడమనిషి చేతికి ఇచ్చినాడని మళ్ళీ ఒక్కటి గూడా ఇయ్యడు. నీదేంది నాదేంది, అంతా ఒకటే గదా."

ఒకటే అయినప్పుడు ఆ ఒకటి ఎప్పుడూ ఆయనే ఎందుకవుతాడని ఆమె లోపల అనుకుంది. బయటికి అనేలోగా రాహేలమ్మ అందుకుంది. "నలభై ఏండ్లుగా గుడి గిన్నెలు తోముతాండా నేను. ఆ గిన్నె పట్టుకునేది అయ్యగారు, మోసేది సంఘపెద్దలు. ఎవురు తోమినారని ఒక్కనాడన్నా గుళ్ళో అడిగినారా? నేనేమన్నా పేరు చదవమంటినా? పని చేసినాక చెయ్యి కడుక్కోవాల, అంతే." ఆ మాట తిట్టులాగా అంది గానీ, అన్నాక ముసలామె చాలాసేపు వక్క నములుతూ గోడ వైపు చూస్తూ కూర్చుంది.

ఇదంతా తలలో తిరుగుతుండగానే జ్ఞానమణి గిన్నెలు తోమడం ముగించింది. ఉతికిన గుడ్డలో మూటగట్టి గుళ్ళో ఇచ్చి రావడానికి పోయింది. అక్కడ గిడ్డమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు నేల అలుకుతున్నారు. వాళ్ళతో రెండు మాటలు ఆడి తిరిగొచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

పెరట్లో ఏసేపు గొంతుక్కూర్చుని ఉన్నాడు. పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టాడు. పక్కన ఆమె వదిలిపోయిన చింతపండు పిప్పి, ఇటుక పొడి. చేతిలో ఏదో పెట్టుకుని బొటనవేలితో బలంగా, పళ్ళు బిగించి రుద్దుతున్నాడు. ఆరేళ్ళలో అతను ఏదైనా తోమడం చూడ్డం ఆమెకు ఇదే మొదలు. ఒక్క క్షణం, తన మీద జాలిపడి మరిచిపోయిన గరిటె ఏదో తోముతున్నాడేమోనని కూడా అనుకుంది.

ఆమెను చూసి చెయ్యి చాపాడు. అరచేతిలో నవాబు రూపాయి. తెల్లగా, పచ్చిగా, కోడిగుడ్డు ఒలిచినట్టు ఉంది. పసుపు లేదు, వంకాయ రంగు లేదు, మబ్బు లేదు. పారసీ అక్షరాల ఒంపుల్లో ఎర్రటి ఇటుక పొడి ఇరుక్కుని ఉంది. అక్షరాల మీదుగా సన్నని గీతలు, ఎద్దుల బండి పోయిన జాడల్లాగా.

"సూడు, నాలుగు నెల్లు నువ్వు చెయ్యలేంది నేను నాలుగు నిమిషాల్లో చేసినా" అన్నాడు. ముఖమంతా నవ్వు. "ఎల్లుండి సాయిబు దగ్గరికి పోతాండా. పండగ మర్నాడు పెద్దాయన ముందర మసి బిళ్ళ పెడితే మర్యాదేనా? గుడి గిన్నెలు మిలమిలా మెరుస్తాండాయి, ఇదొక్కటీ దరిద్రంగా ఉంటే ఎట్ల!"

జ్ఞానమణికి ఏడుపు రాలేదు. రెండేళ్ళు ఆమె చెప్పిన మాటలు సాహెబు ముందర అప్పజెప్పాడు కదా ఈయన, తడుముకోకుండా. అప్పజెప్పడం వేరు, వినడం వేరు. బళ్ళో పిల్లలు కూడా అంతే, పద్యం నోటికి వస్తుంది, అర్థం అడిగితే దిక్కులు చూస్తారు. "రుద్దకూడదని చెప్పినా గదా" అంది మెల్లగా.

"అది మట్టిలో దొరికే రాగి బిళ్ళలకు. ఇది వెండి. వెండి మెరవాల" అన్నాడు అయ్యవారు.

పండగ మర్నాడు పొద్దున బస్సెక్కి పోయిన మనిషి సాయంత్రం దిగాడు. చేతిలో ఒక చిన్న చెక్కపెట్టె. ముఖం కొంచెం వాడినట్టుంది గానీ, మంచినీళ్ళు తాగి, కాళ్ళు కడుక్కుని, మంచం మీద కూర్చునేసరికి మామూలైపోయాడు.

"సాయిబు ఆ రూపాయి చూసినాడు. దాన్ని బోర్లించి పెట్టేసినాడు. నాకు బలే అవమానమయ్యింది. ఏమని చెప్పాల? ఇంట్లో ఆడది తెలీక గుడి గిన్నెలతో పాటు తోమేసిందని చెప్పినా."

అన్నం గిన్నె దింపుతున్న జ్ఞానమణి అలాగే నిలబడిపోయింది. గిన్నె చేతులను కాలుస్తోందని కొంచెం ఆలస్యంగా తెలిసింది.

"నువ్వేం దిగులుపడొద్దులే" అన్నాడతను. "సాయిబు నిన్నేమీ అనలా. ఆడోళ్ళకు ఏం తెలుస్తాది పాపం అన్నాడు. ఇంక మీదట మాత్రం పెట్టెకు బీగం ఏసుకో ఏసేపయ్యా, ఆడవాళ్ళ చెయ్యి పడనియ్యొద్దు, అన్నాడు. అని ఇంకా ఇరవై రెండు ఇచ్చినాడు! నా మీద అంత నమ్మకం." అంటూనే జేబులోంచి బీగంచెవి తీసి ఆమె ముందర పెట్టాడు. "ఇదిగో. వచ్చే నెల మదరాసు నుంచి ఎవురో వీటిని సూడ్డానికి వస్తారంట. అప్పటికి కావాల."

ఆమె బీగంచెవి వైపు చూసింది. సాహెబు లెక్కలో పాడుచేసింది తను, బాగుచేసింది ఆయన. ఇప్పుడు తన చెయ్యి పడకూడదని పెట్టెకు బీగం, ఆ బీగం తీసి పని చేయాల్సింది తన చెయ్యే. ఇందులో నవ్వొచ్చే సంగతి ఏదో ఉందిగానీ నవ్వడానికి పక్కన ఎవరూ లేరు. ఇన్నాళ్ళూ పేరు లేకపోతే పోయిందనుకుంది. పేరు లేని చోట కనీసం చెడ్డపేరు కూడా ఉండదనుకుంది. అది కూడా తప్పని తేలింది. ఇంటి పేరు ఆయనది, పని పేరు ఆయనది, తప్పు పేరు మాత్రం తనకు పెట్టి వచ్చాడు.

"నా చెయ్యి పడకూడదన్నాడు గదా సాయిబు" అంది. "పడదు. నేను చెయ్యను."

ఏసేపు ఒక నిమిషం ఆమెను వింతగా చూశాడు. తర్వాత భుజం ఎగరేశాడు. "చెయ్యకపోతే పో. నేనే చేసుకుంటా. చింతపండు ఏమన్నా కరువా ఈ ఇంట్లో?"

బెదిరింపని అతనికి కూడా తెలియదు. నిజంగానే అన్నాడు. అదే ఆమెను భయపెట్టింది.

మర్నాడు అతను బడికి పోయాక పెట్టె తెరిచింది. ముట్టుకోలేదు, చూసింది. ఇరవై రెండు రాగి నాణేలు, తడిసిన గుడ్డలో చుట్టి ఉన్నాయి. తడి గుడ్డలో! దారిలో చెమట చేతులతో ఎన్నిసార్లు విప్పి చూశాడో. నడుమ ఏనుగు బొమ్మ ఉన్న చిన్న నాణెం మీద, ఏనుగు కడుపు దగ్గర, లేత పచ్చ పిండి లేచి ఉంది. వేలి గోరంత కూడా లేదు ఇప్పుడు. ఇలాగే వారం ఉంటే ఏనుగు ఉండదు. చింతపండు తగిలినా ఉండదు. తను చెయ్యనంటే చచ్చేది ఏనుగు, చేస్తానంటే చచ్చేది తను. ఈ రెండే దారులని ఎవరన్నారు? ఆయనే అన్నాడు. ఆయన చెప్పిన రెండు దారుల్లో ఒకటి ఎంచుకోవడమే ఆరేళ్ళుగా తన బతుకు. జొన్న రొట్టె చెయ్యమంటావా సంగటి చెయ్యమంటావా అని తను అడిగినట్టు, ఆయన తనను ఎన్నడైనా అడిగాడా? ఈ ముక్క తోచేసరికి ఆమె లేచి, తడి లేకుండా చేతులు తుడుచుకుంది.

తడి గుడ్డ తీసి పారేసింది. పాత వల్లెవాటు చింపి, ఎండలో కాగిన ముక్కల్లో ఒక్కొక్క నాణేన్నీ అంచులు పట్టుకుని విడివిడిగా చుట్టింది. ఏనుగు నాణేన్ని మిగతా వాటికి దూరంగా, తన చిన్న డబ్బీలో పెట్టి, డబ్బీని పెట్టెలోనే ఒక మూల ఉంచింది. పండగ చీరే కట్టుకుంది. పెట్టె చంకన పెట్టుకుని బయటికి వచ్చింది.

రాహేలమ్మ అరుగు మీద బియ్యం చెరుగుతోంది. "యాడికి పోతాండావు?"

"కర్నూలుకు."

"ఏసేపు చెప్పినాడా?"

"లేదత్తా."

చేట ఆగింది. ముసలామె కోడలి చంకలో పెట్టెను చూసింది. అరుస్తుందనుకుంది జ్ఞానమణి. ఇరుగుపొరుగును పిలుస్తుందనుకుంది. రాహేలమ్మ ఒక మట్టిబెడ్డ ఏరి దూరంగా విసిరి, "పదకొండు గంటల బస్సు ఒక్కోనాడు తొందరగా వస్తాది. బిన్న పో" అంది. మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది.

బస్సులో రాళ్ళగుట్టలు వెనక్కి పోతున్నంతసేపూ ఆమె సాహెబుతో చెప్పాల్సిన మాటలు పేర్చుకుంది. రూపాయిని నేను తోమలేదు. కాదు, అది చాడీ అవుతుంది. మా ఆయన అబద్ధమాడినాడు. కాదు, అది కొట్లాట అవుతుంది, ఆ కొట్లాటలో మళ్ళీ ఆయనే పెద్ద అవుతాడు. ఏనుగు నాణేన్ని కాపాడండి. ఎవరు చెబుతున్నారని అడుగుతాడు. ప్రతి మాటా అక్కడికే వచ్చి ఆగింది. కర్నూల్లో దిగాక ఇద్దరిని అడిగి, కోట వీధిలో ఆకుపచ్చ తలుపుల ఇల్లు పట్టుకుంది.

దస్తగిరి సాహెబు వరండాలో పడక్కుర్చీలో కూర్చుని భూతద్దం తుడుచుకుంటున్నాడు. తెల్ల గడ్డం, సన్నటి మనిషి. పక్కన బల్ల మీద ఆ రూపాయి ఇంకా బోర్లించే ఉంది. వెనక వైపు మీదా అవే ఇటుక గీతలు. ఆమె చూపు దాని మీదికి పోయి, వెనక్కి వచ్చింది. మెట్లెక్కి, గడప దాటి, వరండాలో నిలబడి, పెట్టె బల్ల మీద పెట్టింది. మూత తీసి, పైనున్న గుడ్డ విప్పి, ఒక నాణేన్ని రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని ఎత్తి, ఆయన అద్దం కిందికి పెట్టింది.

సాహెబు నాణెం వైపు చూడలేదు. ఆ వేళ్ళ వైపు చూశాడు. ఏళ్ళకేళ్ళు తాలూకాను ఏలిన గొంతుతో, కచేరీలో అర్జీదారులను అడిగినట్టే అడిగాడు.

"ఎవరమ్మా నువ్వు? ఎవరి తాలూకు?"

ఏసేపు పెండ్లాన్ని. రాహేలమ్మ కోడల్ని. ఫలానా ఊరి మిషను బడి అయ్యవారి ఇంటిదాన్ని. మూడు జవాబులూ నాలుక చివరకు వచ్చి వరసగా నిలబడ్డాయి. అన్నీ నిజాలే. పుట్టినప్పటినుంచీ ఎవరు అడిగినా ఇట్లాంటి జవాబులే చెప్పింది.

"నేను ఎవరి తాలూకూ కాదు సాయిబూ" అంది జ్ఞానమణి. "మీ నాణేలను బాగుచేసే మనిషిని."